పూత పేరు రాయని కార్డు

తాండూరు,
ఏప్రిల్ 7, 2025.

నిరోషాకు,

నువ్వు దొంగవు. తెల్లకోటు తొడిగినంత మాత్రాన, నా అక్క కడుపున పుట్టినంత మాత్రాన ఈ మాట మార్చను. నువ్వు, మీ దవాఖాన, అండ్ల సంతకాలు పెట్టేటోళ్లు అందరు కలిసి ఒక మనిషి గుండెల ఏం పెట్టిన్రో ఆ మనిషికే తెల్వకుంట దాచిన్రు. దాచిపెట్టుడును దొంగతనం అనకపోతే ఇంకేమంటరో నీ నర్సింగు పుస్తకంల ఉంటే చెప్పు, నేర్చుకుంట.

ఫిబ్రవరి 12 నాడు మా అన్న మత్తయ్యకు, అంటే నీ పెద్దమామకు, మీ దగ్గర్నే స్టెంటు వేసిన్రు. నువ్వు డ్యూటీల ఉన్నవ్. ఇంటికి పంపేటప్పుడు చేతిల ఒక కార్డు పెట్టిన్రు. అట్ట మంచిగ మెరుస్తది. పేరు మత్తయ్య, వయసు యాభై ఎనిమిది. 'స్టెంటు రకం' అన్నకాడ ఖాళీ. 'పూత' అన్నకాడ ఖాళీ. స్టిక్కరు అంటియ్యాలని ఒక గడి గీసి ఉన్నది, ఆ గడిల ఎవరో పెన్నుతోని 'స్టెంటు – 1' అని రాసిన్రు. ఒకటని మాకు తెల్వదా? రెండు వేస్తే మేమేమన్న లోపలికి తొంగి చూసి లెక్కపెడ్తుంటిమా?

ఇప్పుడెందుకు లొల్లి అంటవేమో. ముప్పై ఏండ్లు బండల పాలిష్ యూనిట్ల బరువులెత్తిన మనిషికి గజ్జల్ల హెర్నియా దిగింది. వంగలేడు, లేవలేడు. పనికి పోక నెలయింది. ఇక్కడి సర్జన్ దగ్గరికి తీస్కపోతే ఆయన కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "ఇది మందు పూసిన స్టెంటా, సాదా స్టెంటా? సాదాదైతే నెల దాటింది కాబట్టి రక్తం పలుచన చేసే గోలీ ఒకటి ఆపి ఆపరేషన్ చేస్త. పూతదైతే కనీసం ఆరు నెలలు నేను ముట్టుకోను. తెలుసుకొని రండి" అన్నడు.

అన్న నా దిక్కు చూసిండు. నేను కార్డు దిక్కు చూసిన. "బండకు ఏ పాలిష్ కొట్టిన్రో దూరంకెల్లి చూసి చెప్త తమ్మీ. గిది నా లోపలున్నదాయె" అన్నడు. ఆ మాట విని కూడా నాకు కోపం రావొద్దంటే నేను మనిషినే కాదు.

మీ దవాఖానకు నాలుగుసార్లు ఫోన్ చేసిన. ఒకామె 'ఫైలు పైకి పోయింది' అన్నది. ఇంకొకాయన 'రేపు చెయ్యండి' అన్నడు. మూడోసారి 'మీరు ఆయనకేమైతరు' అని అడిగిన్రు. నాలుగోసారి పాట పెట్టి వదిలేసిన్రు, మొత్తం విన్న, బాగనే ఉన్నది.

నువ్వు మాత్రం ఫోన్ చెయ్యకు. ఫోన్ల చెప్పిన మాటకు రుజువుండదు. దళిత సంఘంల ఇన్నేండ్లు తిరిగి నేను నేర్చుకున్నది గిదొక్కటే. కాయితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. ఫోన్ చేస్తే ఎత్తను.

మీ మామ,
ప్రేమ్‌సాగర్


వికారాబాద్,
ఏప్రిల్ 11.

సాగర్ మామకు,

దొంగ రాస్తున్నది. మంచిగున్నవా?

తెల్లకోటు డాక్టర్లది మామా, మాది నీలం. తిట్టేటప్పుడన్న రంగు సక్కగ చూడాలె. నువ్వు ఉత్తరం దవాఖాన అడ్రసుకు రాసినవ్. రిసెప్షన్ల విప్పి చదివిన్రు. అప్పటిసంది నన్ను "ఏమే దొంగా, చాయ్ తాగినవా" అని పిలుస్తున్రు. ఇగనుంచి ఇంటికి రాయి.

నువ్వు అడిగింది చెప్త. స్టెంటు అంటే పెన్ను రీఫిల్‌కుండే స్ప్రింగు ఉంటది చూడు, అంతకన్న సన్న జాలి గొట్టం. రక్తనాళం మూసుకుపోయినకాడ దాన్ని పెట్టి విప్పుతరు. ఉత్త లోహం పెడితే దాని చుట్టు కండ పెరిగి మళ్ల మూసుకుపోయే భయం ఎక్కువ. అందుకని తీగకు సన్న ప్లాస్టిక్కు పొర పూసి ఆ పొరల మందు కలుపుతరు. మందు కొన్ని నెలలు జర్ర జర్ర దిగుతది, కండను పెరగనియ్యది. కొన్నిట్ల ఆ పొర ఉన్నకాడ్నే ఉంటది, కొన్నిట్ల కరిగిపోతది. పొరే లేకుంట మందు అంటించేవి కూడా ఉన్నయ్.

అయితే ఆ మందుకు మంచి కండ, చెడ్డ కండ అని తేడా తెల్వదు. తీగను కప్పాల్సిన సన్న తోలు కూడా తొందరగ రాదు. అది వచ్చేదాక తీగ రక్తంల బయటపడే ఉంటది, దాని మీద రక్తం గడ్డ కట్టొచ్చు. అందుకే రక్తం పలుచన చేసే గోలీలు రెండు. మీ సర్జన్ అడిగింది న్యాయమే, తప్పు పట్టకు.

కాబట్టి ఇది పూతదే అనుకో. గోలీలు ఒక్క పూట కూడ ఆపొద్దు. హెర్నియాకు పట్టీ కట్టుకొమ్మను, బరువు ముట్టొద్దను. స్టిక్కరు ఫైళ్ల బీరువాల ఉంటది. తాళం ఇన్‌చార్జి బాలస్వామి సారు దగ్గర ఉంటది, ఆయన లీవుల ఉన్నడు. రెండు వారాలు ఆగు, నేనే పట్టుకొస్త.

ఒక్కసారి ఫోన్ ఎత్తు మామా. కొన్ని మాటలు కాయితం మీద రాయరావు.

నిరోషా


తాండూరు,
ఏప్రిల్ 19.

నిరోషాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. స్ప్రింగు కత బాగ చెప్పినవ్, ఎనిమిదో తరగతి పిల్లలకు వినిపిస్త. నేను అడిగింది మాత్రం అండ్ల లేదు.

నేను సర్కారు బడి పంతుల్ని. నాకు బీరువా తాళం కత చెప్తవా? మా బడిల సైన్సు సామాను పదేండ్ల సంది బీరువాలనే ఉన్నది, తాళమున్నాయన రిటైరై మనుమరాలి పెండ్లి కూడ చేసిండు. 'సారు లీవుల ఉన్నడు', 'రెండు వారాలు ఆగు', 'అనుకో'. గివి నా మేనకోడలి మాటలు కావు. మేనేజుమెంటు మాటలు. జీతం ఇచ్చేటోడు నోరు కూడ ఇచ్చిండు నీకు.

నేను ఆలోచన చేసిన. జర నువ్వు కూడ చెయ్యి. మంచి సరుకు అమ్మినోడు పేరు దాస్తడా? మన పక్కన కరణ్‌కోట ఫ్యాక్టరీ సిమెంటు సంచి మీద కూడ పేరు, రకం, తయారైన వారం అన్నీ ఉంటయ్. మీరు మంచి స్టెంటు వేసి ఉంటే ఆ స్టిక్కరును కార్డు మీద కాదు, మా అన్న నొసటి మీద అంటిస్తుంటిరి. ఖాళీ పెట్టిన్రంటే చెప్పుకోలేనిది వేసిన్రన్నట్టు. సర్కారు కార్డు మీద వచ్చిన బండల కూలీకి మందెందుకు, పూతెందుకు? పట్నపోళ్లకు పూత, మనోళ్లకు ఉత్త తీగ. బడిల అట్లనే చేసిన్రు, బస్సుల అట్లనే చేసిన్రు, చర్చిల బెంచీల కాడ కూడ అట్లనే చేసిన్రు. గుండెకాడికి వచ్చేసరికి మారుతరా?

సర్జన్ దగ్గరికి పోయి సాదాదే అని చెప్పిన. "రాసిస్తరా?" అన్నడు. రాసుడు నాకు కొత్తనా? 'నాకు తెలిసినంతవరకు ఇది పూత లేని సాదా స్టెంటు' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టిన. 21 సోమవారం నుంచి రెండు గోలీలల్ల ఒకటి ఆపుతున్నం. 26 శనివారం ఆపరేషన్.

వదిన నాగవ్వ నసిగింది. "పిల్ల ఆపొద్దన్నదట గదా, ఒక్కసారి ఫోన్ల మాట్లాడరాదు?" అన్నది. "మాట్లాడేదేం లేదు వదినా, రాసింది, రాసినదాంట్ల ఏం లేదు" అన్న. అన్న ఏం అనలే. ఆయన ఎప్పుడూ అనడు. అందుకే ఆయన బదులు నేను అనాల్సొస్తది.

మీ బాలస్వామి సారుకు నా నమస్తే చెప్పు. తాళం దొరికినంక ఆ బీరువాల మీ అందరి మనసులు కూడ ఏమన్న ఉన్నయేమో చూడమను.

ప్రేమ్‌సాగర్


వికారాబాద్,
ఏప్రిల్ 29.

మామకు,

నీ ఉత్తరం 24 నాడు, గురువారం, మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొస్తే తలుపు సందుల ఉన్నది. చెప్పులు కూడ ఇడువలే, అట్లనే నిలబడి ఫోన్ చేసిన. మోగింది, నువ్వు కట్ చేసినవ్. మళ్ల చేసిన, కట్ చేసినవ్. మూడోసారి స్విచాఫ్.

నాగవ్వత్తకు చేసిన. ఏం జరిగిందో నీకు తెలుసు, అయినా రాస్త, నీకు కాయితం మీద ఉంటేనే నమ్మకం గదా. "బిడ్డా, మీ మామ గోడకు ఒరిగి కూసున్నడు. చెమటలు కారుతున్నయ్, గ్యాస్ అంటున్నడు, సోడా తెమ్మంటున్నడు" అన్నది. సోడా వద్దు, ఎవ్వలి కోసం చూడొద్దు, ఎదురుగ ఏ ఆటో కనిపిస్తే దాంట్ల ఎక్కియ్యి అన్న. "సాగర్‌కు చెప్పొద్దా?" అన్నది. ఆయన ఫోన్ ఎత్తడత్తా అన్న. తాండూరు నుంచి అంబులెన్సుల పట్నం తీస్కపోయిన్రు. నేను రైలెక్కి పోయిన.

మళ్ల యాంజియోగ్రామ్ తీసి చూసిన్రు. ఫిబ్రవరిల వేసిన స్టెంటులనే రక్తం గడ్డ కట్టింది. గోలీ ఆపిన నాలుగో రోజు. గడ్డ తీసిన్రు, మనిషి దక్కిండు. గుండె కండల కొంత చచ్చింది, అది ఇగ రాదన్నరు. బండల పని మానుకోవాలన్నరు. పెద్దమామ మెట్లెక్కుతుంటే ఇప్పుడు మూడో మెట్టుకాడ ఆగుతడు.

ఇప్పుడు నా సంగతి.

స్టిక్కరు బీరువాల లేదు. బాలస్వామి సారు లీవుల లేడు. స్టిక్కరు నా టేబుల్ సొరుగుల ఉన్నది. ఫిబ్రవరి 12 సంది అండ్లనే ఉన్నది.

ఒక్కో స్టెంటు డబ్బాల నాలుగు స్టిక్కర్లు వస్తయ్. కేసు షీటుకు ఒకటి, రిజిస్టరుకు ఒకటి, సర్కారు పైసలిచ్చే స్కీము ఫైలుకు ఒకటి, రోగి కార్డుకు ఒకటి. స్కీమోళ్లు ఊకె ఫైలు వాపసు పంపుతరు, స్టిక్కరు చినిగింది, మసక పడ్డదని. ఇంకోటి పంపాలంటే మా దగ్గర ఉండదు. అందుకని రెండేండ్ల కింద సారు చెప్పిండు, "రోగిది అంటియ్యకు, స్పేరు పెట్టు. వాళ్లెవరన్న చదువుతరా, అడుగుతరా?" నిజంగనే ఎవ్వరు అడగలే. కార్డులు నింపేది నేనే. 'స్టెంటు – 1' అని ఆ గడిల రాసింది నేనే. పెద్దమామ కార్డు కూడ అందరి కార్డు లెక్కనే నింపిన. చేతికి అలవాటైపోయింది, సొంత మామ అని చెయ్యికి తెల్వలే.

స్టిక్కరు మీద ఏమున్నదంటే, కోబాల్టు క్రోమియం జాలి, మందు పూత, మెల్లగ కరిగే పొర. సాదాది కాదు. మా దగ్గర సాదావి వాడుడు బంద్ చేసి ఏండ్లయింది, సర్కారు కార్డుతోని వచ్చినోళ్లకైనా సరే. నాకు తెలుసు. మరి నీకు రాసినప్పుడు 'అనుకో' అని రాసిన గాని 'అవును' అని రాయలే. అవును అంటే రుజువేది అంటవ్, రుజువు పంపితే గిన్ని రోజులు ఎందుకు దాచినవంటవ్, పేపర్లకెక్కిస్తవ్, నా నౌకరి పోతది. గింతే. నా నౌకరి ఫికర్ల ఒక మాట తక్కువ రాసిన.

నువ్వు కోపంల రాసినవన్నీ అబద్ధాలని నేను అనను. బడి, బస్సు, చర్చి అన్నీ నిజమే. అందుకే నీకు అడగకుంటనే తెలిసిపోయిందనుకున్నవ్. ఈ ఒక్కదాంట్ల నీ కోపం తప్పింది మామా. ఆ తప్పు మీద నువ్వు సంతకం పెట్టినవ్.

సొరుగు సంగతి పెద్దమామకు నేను చెప్పిన, మంచం పక్కన కూసోని. నువ్వు రాసిచ్చిన కాయితం సంగతి చెప్పలే. అది నువ్వు చెప్పాలె.

ఆ సొరుగుల ఇంకా నలభై రెండు స్టిక్కర్లున్నయ్. నలభై రెండు మంది ఖాళీ కార్డులు పట్టుకొని తిరుగుతున్నరు.

నిరోషా


తాండూరు,
మే 20.

బిడ్డా నిరోషా,

చెప్పిన. మూడు వారాలు పట్టింది. రోజు పోతుండె, పండ్లు పెట్టి వస్తుండె.

నిన్న వదిన బియ్యం చెరుగుతుంటే ఆమె ముందటనే చెప్పిన. అన్నా, నేనే రాసిచ్చిన, నా మాట పట్టుకునే డాక్టరు గోలీ ఆపిండు అన్న. ఆయన తన చేతులు చూసుకున్నడు. బండల పొడి ఇంకా గోర్ల సందుల ఉన్నది, పని మాని రెండు నెలలు దాటినా పోలే.

"నువ్వు సాదాది అన్నవ్. పిల్ల పూతది అనుకో అన్నది. డాక్టరు రాసియ్యిమన్నడు. ముగ్గురు మాట్లాడుకున్నరు. నన్నెవరన్న అడిగిన్రార?"

"అడిగితే నీకేం తెలుస్తుండె అన్నా?"

"తెల్వదు. తెల్వదనే చెప్తుంటి. తెల్వనోడు గోలీ ఆపడు తమ్మీ."

వదిన చాట పక్కన పెట్టింది. "ఊరందరి తరఫున మాట్లాడుతడు మీ తమ్ముడు, ఇంట్ల మనిషిని మాత్రం ఒక్క మాట అడగడు" అని ఆయనకే చెప్పింది, నా మొఖం చూడకుంట. మళ్ల లేచి నాకు చాయ్ పెట్టింది. ఆ చాయ్ తాగుడు కన్న నాలుగు తిట్లు తినుడు సులువుండె.

నిన్ను దొంగవన్న. ఆ ఉత్తరం చింపెయ్యి అని అడగను. ఉంచు. నేను రాసిచ్చిన కాయితం సర్జన్ ఫైలుల ఉన్నది, దాన్ని చింపుడు నా చేతుల లేదు. ఆ సర్జన్ కూడ ఒక్క ఫోన్ చేసి మీ దవాఖానను అడగొచ్చు. అడగలే. నా కాయితం ఉంటే ఆయన మెడకు రాదని తీసుకున్నడు. మీ సారుతోని కలిపి నలుగురం నాలుగు దిక్కుల మా మా మెడలు కాపాడుకున్నం, అన్న గుండె మధ్యల పడ్డది.

అట్లని ఊకుండను. అపరాధం మోసుకుంట మూలకు కూసుంటే మీ బాలస్వామికి పండుగ. నా తప్పు ఒక్కసారి జరిగింది. ఆ సొరుగు రెండేండ్ల సంది రోజు జరుగుతున్నది. నాది మాఫీ చెయ్యకు, దాన్ని కూడ మాఫీ చెయ్యొద్దు. దీనితోని ఒక మెమోరాండం జత చేస్తున్న. పన్నెండు పేజీలు, పద్నాలుగు డిమాండ్లు. వైద్యం అమ్మకపు సరుకైన తీరు, స్కీముల వెనక రాజకీయం, పేదోని శరీరం మీద పేదోనికి హక్కు లేకపోవుడు, అన్నీ రాసిన. నా తప్పు మూడో పేజీల ఉన్నది. నీ పేరు పెట్టలే, నౌకరి పోతది. చదివి తప్పులుంటే దిద్దు.

మామ,
సాగర్


వికారాబాద్,
జూన్ 9.

సాగర్ మామకు,

నీ పన్నెండు పేజీలు చదివిన. మా అమ్మకు కూడ చదివి వినిపించిన. నాలుగో పేజీకాడ నిద్రపోయింది. ఏడో పేజీకాడ నేను.

కోపం చేసుకోకు. ఇంతకు ముందు నాలుగు ఆదివారాలు నేను ఆ స్టిక్కర్లు పట్టుకొని ఊర్లు తిరిగిన. సొరుగు ఖాళీ చేసిన, ఎవ్వర్ని అడగలే. కుల్కచర్ల దిక్కు కొండమ్మ అని గొర్లు కాసే ముసలామె ఉన్నది. కార్డును యేడాది సంది రేషన్ కార్డుతోని కలిపి సంచిల కట్టి పెట్టింది. స్టిక్కరు అంటించి ఇది మందు పూత అవ్వా అంటే, "గోలీలు వాసన కొడ్తున్నయని ఇడిసిపెడ్దామనుకుంటున్న బిడ్డా, ఎల్లుండి పన్ను పీకించుకునేది ఉన్నది" అన్నది. డాక్టర్ను అడగంది ఒక్క గోలీ ఆపొద్దు, పన్ను పీకేటాయనకు ముందు ఈ కార్డు చూపెట్టు అని చెప్పి, ఆమెతోని మూడుసార్లు అనిపిచ్చిన. నవాబుపేటల ఒకాయన ఇంటికి పోతే ఆయన చనిపోయి రెండు నెలలైంది. ఎట్ల చనిపోయిండో నేను అడగలే. అడగాల్సుండె. తొమ్మిది మందికి అంటించిన. ఇంకా ముప్పై రెండు ఇండ్లున్నయ్.

బాలస్వామి సారుకు తెలిసింది. "రికార్డులు బయటికి తీస్కపోయినవ్" అని మెమో ఇచ్చిండు. నన్ను బట్టలు లెక్కపెట్టే కాడికి మార్చిన్రు. దొంగ అని మళ్ల పిలుస్తున్రు, ఈసారి నవ్వుతలేరు. కాబట్టి నౌకరి పోతదని నా పేరు దాయకు, అది సగం పోయింది.

నీ మెమోరాండం నుంచి వైద్యం, రాజకీయం, శరీరం అన్నీ తీసేసిన. అవి అబద్ధాలని కాదు. మొదటి పేజీ దాటి వాళ్లు చదవరు, చదవకపోవుడుకు మనమే సాకు ఇచ్చినట్టయితది. ఒక్క పేజీ చేసిన. కింద ఉన్నది. మొదటి సంతకం పెద్దమామది. చదివి వినిపించిన, రెండు మాటలు మార్పిచ్చిండు, ఏడో డిమాండు ఆయనే చెప్పిండు. రెండో సంతకం నాది. మూడోకాడ నీకు జాగ ఉంచిన. గురువారం పదకొండు గంటలకు దవాఖాన గేటుకాడికి రా. సూపరింటెండెంటుకు చేతికిద్దాం. ఉపన్యాసం వద్దు.

నిరోషా

మా డిమాండ్లు:

1. స్టెంటు డబ్బాల వచ్చే స్టిక్కర్లల్ల మొదటిది రోగి కార్డు మీద అంటించాలె. మిగిలినవి ఆ తర్వాత.

2. కార్డు మీద లోహం పేరు, పూత పేరు, మందు పేరు, వేసిన తేదీ తెలుగుల రాయాలె.

3. ఏ గోలీ ఏ తేదీ దాక ఆపొద్దో రాయాలె. ఎవర్ని అడగాలో నంబరు రాయాలె. ఆ నంబరుకు చేస్తే ఎత్తాలె.

4. ఇంటోళ్ల మాట, ఇంటోళ్ల రాత పట్టుకొని ఏ డాక్టరు గోలీ ఆపొద్దు. స్టెంటు వేసిన దవాఖానను అడిగి ఆపాలె.

5. మిగిలిన ముప్పై రెండు మంది ఇండ్లకు నెల లోపల మనిషిని పంపి కార్డులు నింపాలె. చనిపోయినాయన ఎట్ల చనిపోయిండో విచారణ చెయ్యాలె.

6. ఖాళీ కార్డు ఇచ్చిన నర్సు నిరోషా మీద చర్య తీసుకోవాలె. ఖాళీ ఇయ్యిమని చెప్పినోళ్ల మీద అదే రోజు తీసుకోవాలె.

7. స్టెంటు వేసిన డాక్టరు మత్తయ్య ఎదురుగ కూసోవాలె. ఆయన లోపల ఏమున్నదో, ఎంత చెడిందో, ఇగ ఏ పని చెయ్యొచ్చో ఆయనకే చెప్పాలె. ఆయన అడిగినన్నిసార్లు చెప్పాలె.